అవ్వ జవాబులు, నా పేరు

హిందూపురంలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా తెరిచిన రోజుల్లో వాటి మీద మా ఊళ్ళో ఎవరికీ మంచి అభిప్రాయం లేదు. ప్లైవుడ్ పలకలతో కట్టిన ఇరుకు గదులు, గదికొక పూల కర్టెను, లోపల ఒక కంప్యూటరు, ఒక స్టూలు. కర్టెను వెనక కూర్చున్నవాడు ఏం చూస్తున్నాడో బయటికి తెలియదు కాబట్టి చూడకూడనిదే చూస్తున్నాడని అందరి నమ్మకం. నేను మాత్రం అక్కడ కూర్చుని పట్టుపురుగుల గురించి చదివేవాణ్ణి. ఈ మాట అప్పుడూ ఎవరూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మరు.

ఇప్పటి పిల్లలు ఫోను రెండు నిమిషాలు ఆగితే ప్రాణం పోయినట్టు గోల పెడతారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్క పేజీ తెరుచుకోవడానికి పట్టే సేపట్లో నేను బయటికి వెళ్ళి టీ తాగి వచ్చేవాణ్ణి. వచ్చేసరికి కరెంటు పోయి ఉండేది. అయినా ఆ రోజుల్లో ఆ స్టూలు మీద కూర్చున్నంత ఆశగా నేను మళ్ళీ ఎక్కడా కూర్చోలేదు.

మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ మధ్యన, బస్సు దిగి లోపలికి నడవాలి. తొంభైల్లో మా వైపు బోరులో నీళ్ళు పడ్డ ప్రతివాడూ వేరుశనగ మానేసి పట్టుపురుగుల మేతకు మల్బరీ పెట్టాడు. మా నాయన కూడా పెట్టాడు. ఆకు కోసుకురావడం నాయన పని, మేత వేయడం అమ్మ పని. కానీ పురుగుల ఇంటికి యజమాని మాత్రం మా అవ్వ, నాయనను కన్న తల్లి. ఎప్పుడు మేత ఆపాలి, ఎప్పుడు మళ్ళీ మొదలు పెట్టాలి, ఏ తట్ట ఎక్కడికి జరపాలి అన్నీ ఆమె చెప్పినట్టే జరగాలి. ఆమె బడి గడప తొక్కలేదు. వేలిముద్ర వేస్తుంది.

పురుగుల ఇంట్లోకి పోవాలంటే గుమ్మం దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. ముఖానికి పౌడరు పూసుకున్నవాళ్ళు, తలలో మల్లెలు పెట్టుకున్నవాళ్ళు, బీడీ తాగినవాళ్ళు బయటే నిలబడాలి. మా నాయనకు పొగాకు నమిలే అలవాటు. ఏభై దగ్గర పడ్డ ఆ మనిషి చేత మా అవ్వ మూడుసార్లు నోరు పుక్కిలింపించి, నోరు తెరవమని వాసన చూసి అప్పుడు లోపలికి పంపేది. నాయన నసుగుతూనే నోరు తెరిచేవాడు. మాకు నవ్వు వచ్చేది, కానీ నవ్వితే మమ్మల్నీ పుక్కిలించమంటుందని నోరు మూసుకునేవాళ్ళం.

పట్టుపురుగు నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా పడుకుని, పాత చర్మం వదిలి లేస్తుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు దాని ఆకలికి అంతు ఉండదు. అప్పుడు పురుగుల ఇంట్లో ఆకు కొరికే చప్పుడు చిన్న తుంపర పడుతున్నట్టు వినిపిస్తుంది. అవ్వ గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడి ఆ చప్పుడు వినేది. విని, "తూర్పు పక్క రెండో వరసకు ఆకు చాల్లేదు, ఎయ్యండి" అనేది. పోయి చూస్తే ఆ వరసలో నిజంగానే ఈనెలు మాత్రమే మిగిలి ఉండేవి.

నేను హిందూపురంలో డిగ్రీ చదివి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. మొదటి ఏడాది నాయన "ఏమన్నా జవాబు వచ్చిందా?" అని అడిగేవాడు. రెండో ఏడాది అడగడం మానేశాడు. ఆ మానేయడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఉద్యోగాలకు అర్జీలు పంపడానికి వారానికొకసారి హిందూపురం పోయి ఆ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. దాన్ని నడిపే ఆయన ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు మాట్లాడే మనిషి. ఒకరోజు నా గదిలోకి తొంగి చూసి అన్నాడు.

"ఏమప్పా, ఆ ఉద్యోగాల సైటు చూసి చూసి కండ్లు పోగొట్టుకుంటాండావు. కొత్తది ఒగటి వచ్చుండాది చూడు. పేరు, ఫోటో పెట్టుకుంటే చాలు, ఊరూరోళ్ళు పరిచయమైతారు. నీ చదువుకు తగిన గ్రూపు ఏదన్నా ఉంటాది, చేరిపో."

ఫోటో నా దగ్గర లేదు. హాల్ టికెట్టుకు తీయించిన పాస్‌పోర్టు ఫోటో ఆయనే స్కాను చేసి పెట్టాడు. గ్రూపుల్లో వెతుకుతుంటే పట్టుపురుగుల గ్రూపు ఒకటి కనిపించింది. నాకు నవ్వొచ్చింది. మా పురుగుల ఇంట్లోకి పక్కింటివాళ్ళనే రానివ్వరు, ఇక్కడ దేశం మొత్తం పురుగుల గురించి మాట్లాడుకుంటోంది. అందులో కాలేజీ పిల్లలు, దారం తీసేవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు, రైతుల కొడుకులు ఉన్నారు. పేరు వెనక డిగ్రీలు రాసుకున్నవాళ్ళే ఎక్కువ.

బెంగాలు వైపు నుంచి ఒక రైతు కొడుకు అడిగాడు. నాలుగో జ్వరం లేచిన పురుగులు మేత ముట్టకుండా తట్ట అంచులకు పోయి పడుకుంటున్నాయట. పెద్ద పెద్దవాళ్ళు మందుల పేర్లు రాశారు. ఊరికే, కబురు చెప్పినట్టు, ఇంటికి వచ్చి ఈ సంగతి అవ్వకు చెప్పాను. ఆమె జవాబు చెప్పలేదు. నన్నే అడిగింది.

"ఆయప్ప ఇంటికి కిటికీ యాడుండాది?"

"నాకెట్ల తెలుస్తాదవ్వా?"

"ఆకు ఎప్పుడు కోస్తాడు?"

"తెలీదు."

"ఏమీ తెలీకుండా ఎట్ల చెప్పేదిరా? పోయి అడుగు."

వారం తర్వాత పోయి అడిగాను. కిటికీ పడమర ఉంది, ఎండ పడకుండా మధ్యాహ్నం ప్లాస్టిక్ పట్ట కడుతున్నాడు, ఆకు కూడా ఆ వేళకే కోస్తున్నాడు. ఈ జవాబు వచ్చేసరికి అతని ఆ పంట ఎలాగూ అయిపోయింది. అవ్వకు చెబితే తల కొట్టుకుంది.

"ఉక్కకు చచ్చిపోయినాయి పాపం. ఆ పట్ట పీకి తడి గోనెసంచి కట్టుకోమను. ఆకు తెల్లవారుతూనే కోసి నీడన పెట్టుకోమను. మందూ వద్దు, మాకూ వద్దు."

దాన్ని నాకు వచ్చిన ఇంగ్లీషులో రాసి పెట్టాను. రెండు నెలల తర్వాత ఆ అబ్బాయి రాశాడు. తర్వాతి పంట బాగా వచ్చిందట. చివర "థాంక్యూ సార్" అని ఉంది.

నన్ను ఎవరైనా సార్ అనడం అదే మొదలు. ఊళ్ళో నేను ఖాళీగా తిరిగే వాణ్ణి. బస్సులో కండక్టరు కూడా "ఏయ్, లోపలికి జరుగు" అనేవాడు. ఆ రెండక్షరాలను తెర మీద ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నేను రాసిన దాంట్లో "మా అవ్వ చెప్పింది" అని ఒక్క ముక్క పెట్టి ఉంటే సరిపోయేది. ఎందుకు పెట్టలేదో చాలాసార్లు ఆలోచించాను. మొదటిసారి అది గుర్తుకే రాలేదు, అది నిజం. తర్వాత మాత్రం కావాలనే పెట్టలేదు. డిగ్రీలు రాసుకున్న అంతమంది మధ్య వేలిముద్ర వేసే ముసలమ్మ పేరు చెబితే నవ్వుతారనిపించింది. నవ్వితే నన్ను సార్ అనడం కూడా పోతుంది. అది పోవడం నాకు ఇష్టం లేదు.

అలా మూడేళ్ళు గడిచాయి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు హిందూపురం పోయేవాణ్ణి. పట్టుగూళ్ళు మార్కెట్టుకు తీసుకుపోయే రోజు నాయనతో కలిసి వెళ్ళి, ఆయన మార్కెట్లో వేలం కోసం కూర్చుంటే నేను సెంటర్లో కూర్చునేవాణ్ణి. ప్రశ్నలు ఒక నోటు పుస్తకంలో రాసుకుని వచ్చి, అవ్వ ఎండు ఆకు ఏరుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేవాణ్ణి. ఆమె ఎప్పుడూ ముందు ప్రశ్నే అడిగేది. నీళ్ళు బావివా, బోరువా? తట్టలు కడిగి ఎండలో పెడతారా, నీడలో పెడతారా? పక్క చేనులో ఏముంది? ఒకసారి గుడిబండ వైపు నుంచి ఒకాయన పురుగులు పచ్చగా వాంతి చేసుకుని చస్తున్నాయని రాశాడు. అవ్వ అడిగిన ప్రశ్నకు పక్క చేనులో టమాటాకు మందు కొట్టారని తేలింది. ఆ గాలి ఈయన మల్బరీ మీదికి వచ్చింది. గ్రూపులో పెద్దవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. "ఈయన జవాబు చెప్పే ముందు మనల్ని ప్రశ్నలు అడుగుతాడు, అదే ఈయన గొప్ప" అని ఒక రిటైర్డు ఆఫీసరు రాశాడు. ఆ పొగడ్త చదివినప్పుడు చెవులు వేడెక్కాయి. అయినా దాన్ని కాదనలేదు.

నాకు ఏమీ రాదని కాదు. గ్రూపులో నేను కూడా నేర్చుకున్నాను. ఆకు ఒక్కొక్కటీ కోయకుండా కొమ్మకు కొమ్మే నరికి వేస్తే పని సగం తగ్గుతుందని అక్కడే చదివి వచ్చి చెప్పాను. అవ్వ వెంటనే ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. "ఒగ తట్టలో చూద్దాం" అంది. ఒక తట్టలో చూసింది, తర్వాతి పంటకు ఒక వరసలో చూసింది, ఆ తర్వాత ఇల్లంతా మార్చింది. అమ్మకు నడుం నొప్పి తగ్గింది. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఛాతీ విరుచుకోవచ్చు.

మూడో ఏడు చివర్లో ధర్మవరం నుంచి ఒకాయన రాశాడు. ఆయన అంతవరకూ గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయలేదట, చదువుతూ ఉన్నాడట. గుడ్లు తెప్పించి పొదిగించి, చాకీ పురుగులు, అంటే రెండో జ్వరం దాటేదాకా పెంచిన చిన్న పురుగులను, రైతులకు అమ్మే కేంద్రం ఆయనది. పురుగులు తీసుకున్న రైతుల ఊళ్ళు తిరిగి సలహాలు చెప్పే మనిషి కావాలి. "మీ జవాబులు అన్నీ చదివాను. మీరు ఒప్పుకుంటే ఆ పని మీకే. ముందు ఒకసారి మీ పురుగుల ఇల్లు చూడాలని ఉంది" అని రాశాడు.

ఆ రోజు సంతోషంగా సెంటర్లోంచి బయటికి వచ్చి, బస్సు ఎక్కాక భయపడ్డాను. ఉద్యోగం కోసం నేను చూసినంతగా మా నాయన కూడా చూశాడు. బయటికి అనలేదు, అంతే. ఇది పోతే ఇంకొకటి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆయన వచ్చి నన్ను నాలుగు ప్రశ్నలు అడిగితే నా బండారం బయట పడుతుంది. ఉద్యోగం పోతుంది, గ్రూపులో పేరు పోతుంది, ఊళ్ళో ముఖం చూపించలేను.

ఇంటికి వచ్చి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. అవ్వ దగ్గర కూర్చుని, "ధర్మవరం నుంచి ఒకాయన వస్తాండాడు. ఉద్యోగం ఇస్తాడంట. నువ్వు లోపల నీ పని చూసుకో అవ్వా, ఏమీ మాట్లాడొద్దు, నేను మాట్లాడుకుంటా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి "సరేలేరా" అంది. ఎందుకని అడగలేదు.

ఆయన పొద్దున పాసింజరు బండికి పెనుకొండలో దిగాడు. నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా, చంకలో ఒక సంచి. నన్ను చూసి "ఇంత చిన్నవాడివా! నేను ఎవరో పెద్దాయన అనుకుంటినే" అన్నాడు. బస్సులో వస్తున్నంతసేపూ నా పాత జవాబులు గుర్తు చేసి మెచ్చుకుంటూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాను. పెనుకొండలో పుట్టినవాళ్ళు కూడా ఆ కొండను అంత శ్రద్ధగా చూసి ఉండరు.

పురుగుల ఇంటి గుమ్మం దగ్గర అవ్వ నిలబడి ఉంది. ఆయన తలకు సువాసన నూనె రాసుకుని వచ్చాడు. అవ్వ ఆయన హోదా చూడలేదు. "తలకు గుడ్డ కట్టుకోండి సామీ, కాళ్ళు కడుక్కోండి" అంది. ఆయన నవ్వి, తువ్వాలు తలకు బిగించి కట్టుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. తట్టలు చూశాడు, ఆకు విరిచి చూశాడు, బాగున్నాయన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

"మా కేంద్రంలో ఒక చిక్కుండాది. రెండో జ్వరానికి వచ్చేసరికి పురుగులు ఒక సైజులో ఉండవు. సగం పెద్దవి, సగం చిన్నవి. అన్నీ ఒకటే గుడ్లు, ఒకటే ఆకు. ఏం చేయమంటావు?"

నేను పుస్తకాల్లో చదివినదంతా చెప్పాను. గదిలో వేడి, తేమ, తట్టకు ఎన్ని పురుగులు ఉండాలి. ఆయన తల ఊపుతూ విని, "అవన్నీ సరి చూసినామప్పా" అన్నాడు. ఆ ఇంట్లో ఆకు కొరికే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన నా జవాబు కోసం చూస్తున్నాడు.

మాట్లాడనని ఒప్పుకున్న మా అవ్వ అంతసేపు ఓర్చుకోవడమే ఎక్కువ. పురుగులు కష్టపడుతున్నాయని వింటూ ఊరుకోవడం ఆమె వల్ల కాదు. వరసల వెనక నుంచి గొంతు వినిపించింది.

"చిన్న పురుగులకు ఆకు తరిగేది ఒగ మనిషా, ఇద్దరా?"

ఆయన అటు తిరిగి, "ఇద్దరు ఆడోళ్ళమ్మా" అన్నాడు.

"ఒగరు సన్నంగా తరుగుతారు, ఇంగొకరు లావుగా తరుగుతారు. లావు ముక్క పడిన తట్టలో పిల్ల పురుగు కొరకలేక ఎనకబడతాది. ఒగరినే తరగమనండి. తట్టలు పొద్దుకొకసారి పైవి కిందికి, కిందివి పైకి మారుస్తాండారా?"

"లేదమ్మా."

"మార్చల్ల. పైన సెగ ఎక్కువ."

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. జవాబుకు ముందు ప్రశ్న అడిగే ఆ పద్ధతిని ఆయన మూడేళ్ళుగా చదువుతున్న మనిషి. నేను నేల చూపులు చూస్తున్నాను.

"ఇవన్నీ నీకు ఎవరు చెప్పినారమ్మా?" అని మెల్లగా అడిగాడు.

మా అవ్వ చేతిలోని ఆకులు తట్టలో వేసి, చేతులు దులుపుకుని, ఏమీ తొణక్కుండా చెప్పింది. "మా మనవడే సామీ. డిగ్రీ చదివినాడు గదా. హిందూపురంలో కంప్యూటర్లో చూసుకోనొచ్చి చెప్తాడు. వాడు చెప్పినట్ల మేం చేస్తాం. మాకేం తెలుసు?"

అప్పుడైనా నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆయన ఇంకేమీ అడగకుండా తల ఊపాడు. మజ్జిగ తాగి, నాయనతో రెండు మాటలు మాట్లాడి, బస్సు ఎక్కే ముందు "సోమవారం ధర్మవరం రా, కాగితం రాసి పెట్టింటా" అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. నాయన ఆ రోజు నా భుజం మీద చెయ్యి వేశాడు. నా చిన్నప్పటి తర్వాత అదే వేయడం.

సాయంత్రం మేత అయ్యాక అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు అడిగాను. "ఎందుకట్ల చెప్పినావవ్వా?"

"నీకు పని కావల్ల గదరా. నాకు పని ఉండాది" అంది, అదేదో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా. అనేసి చంద్రికలు దులపడానికి పోయింది. వెదురుతో అల్లిన ఆ చాపల మీదే పండిన పురుగులు గూళ్ళు కట్టుకుంటాయి. ఆమె దులుపుతూ ఉంటే దుమ్ము లేచింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. దుమ్ము కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం ధర్మవరం పోయాను. ఏ వీధిలో నడిచినా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. ఆయన ఆఫీసులో బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది, నా పేరు, పేరు కింద సలహాదారు అన్న మాట. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. పెన్ను తీసుకుని చెప్పేశాను. మూడేళ్ళుగా రాసిన జవాబులన్నీ మా అవ్వవేనని, కొమ్మలు నరికి వేసే సంగతి ఒక్కటే నాదని, మొన్న ఆమె చెప్పింది అబద్ధమని, నా కోసమే చెప్పిందని.

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసప్పా. ఆ పొద్దే తెలిసింది. నువ్వు ఆ పొద్దే చెప్పింటే బాగుండు" అన్నాడు. కాగితం మడిచి సొరుగులో పెట్టేశాడు. "సలహాదారు పని నీకు ఇచ్చేదానికి లేదు. తట్టలు కడిగే కాడి నుంచి నేర్చుకుంటానంటే రేపే రా."

నేను వెంటనే సరేనన్నాను. తిరిగి వస్తుంటే ఒళ్ళు తేలికైనట్టు ఉంది. నా అంత నిజాయితీపరుడు ఈ రైల్లో ఎవడూ లేడని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు? పెనుకొండలో దిగకుండా నేరుగా హిందూపురం పోయి, గ్రూపులో కూడా ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టి, అప్పుడు ఇంటికి వచ్చాను. నాయనకు చెబితే, "తట్టలు కడిగే పనన్నా పనే గదా" అన్నాడు. అవ్వ మెచ్చుకుంటుందని పురుగుల ఇంటి దగ్గరికి పరుగెత్తినట్టే వెళ్ళి, జరిగిందంతా చెప్పాను.

ఆమె చేతిలో పని ఆగిపోయింది.

"అయితే ఆయప్ప ఇప్పుడు నన్ను ఏమనుకుంటాడు?"

"నిన్నేమనుకుంటాడవ్వా, నువ్వు గొప్పదానివనే అనుకుంటాడు."

"కాదు. ఈ ముసలిది పురుగుల ఇంట్లో నిలబడి, నా ముఖం చూసి అబద్ధం చెప్పిందే అనుకుంటాడు. ఊరూరోళ్ళకు కూడా రాసి పెట్టొస్తివా? బుద్ధెరిగినాక నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. నువ్వే అన్నావు గమ్మునుండమని. నీ కోసరం చెప్తి. దాన్ని గూడా నిలబెట్టకపోతివే."

ఆమె జవాబులు నావిగా చెప్పుకున్నప్పుడు ఆమెను అడగలేదు. ఇప్పుడు ఆమె చెప్పిన అబద్ధాన్ని బయట పెట్టినప్పుడు కూడా ఆమెను అడగలేదు. నా పరువు పెంచుకోవడానికీ, నా మనసు తేలిక చేసుకోవడానికీ రెండుసార్లూ ఆమెనే వాడుకున్నాను. ఈ సంగతి ఆమె అంటే తప్ప నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఒక పంట కాలం అవ్వ నాతో మాట్లాడలేదు. నేను ధర్మవరంలో చిన్న గది తీసుకుని తట్టలు కడిగేవాణ్ణి, ఆకు తరిగేవాణ్ణి. ఆ కేంద్రంలో అప్పటికి ఒక్క మనిషే ఆకు తరగాలన్న నియమం వచ్చింది, ఆ మనిషి నేనే. ఆదివారం ఇంటికి వచ్చేవాణ్ణి. అవ్వ నాకు ముద్ద పెట్టేది, పులుసు పోసేది, నేను తినేదాకా కూర్చునేది. ఒక్క మాట మాత్రం ఉండేది కాదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేదని అనుకునేవాణ్ణి.

గ్రూపులో నేను భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు మోసం చేశావని రాశారు, అది న్యాయమే. మిగతావాళ్ళు ఆ సంగతి వదిలేసి ప్రశ్నలు పంపడం మొదలు పెట్టారు. అన్నిటి మీదా "ఇది మీ అవ్వగారికి" అని ఉండేది. వాటిని నోటు పుస్తకంలో రాసుకుని, ఆదివారం పురుగుల ఇంటి గుమ్మం బయట నిలబడి గట్టిగా చదివేవాణ్ణి. ఆమె వినిపించనట్టే ఆకు ఏరుకునేది. జవాబులు లేకుండా ప్రశ్నలు రెండు పేజీలు నిండాయి.

ఒక ఆదివారం చదవడం ముగించి పుస్తకం మూస్తుంటే లోపల నుంచి గొంతు వచ్చింది.

"వాళ్ళ ఇండ్లల్లో ఈ మాటలు చెప్పే పెద్దోళ్ళు ఎవరూ లేరారా?"

"ఉంటారేమో అవ్వా. అడగాలని తోచదేమో."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "పెన్ను తీ. ఇవన్నీ తర్వాత. ముందు నేను చెప్పేది రాయి. నీ మాటలు కలపొద్దు" అంది. నేను పుస్తకం మళ్ళీ తెరిచాను.

"ఆ పొద్దు ధర్మవరం ఆయప్పకు నేను చెప్పింది అబద్ధమే. మనవడికి పని కావల్లని చెప్పినా. ఆ అబద్ధం వాడి గురించి. పురుగుల గురించి మాత్రం నేను ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఈ మాట నమ్మేటోళ్ళు అడగండి, చెప్తా. నమ్మనోళ్ళు అడగొద్దండి."

మరునాడు కేంద్రంలో సెలవు అడిగి హిందూపురం పోయాను. పూల కర్టెను వేసుకుని కూర్చుని ఆమె మాటలను ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో పెట్టాను. ముగించి కింద పేరు రాయబోయి, అలవాటు కొద్దీ నా పేరులో మొదటి అక్షరం కొట్టి, చెరిపేశాను. తర్వాత అవ్వ పేరు కొట్టాను. మూడేళ్ళలో ఆ పేరు ఒక్కసారి కూడా టైపు చేయలేదని నాకు అప్పుడు తెలిసింది.